పంజరం పక్కన ఫినాయిల్ సీసా

పండగ దగ్గరపడుతున్నదంటే మన ఇళ్ళలో సందడి మొదలవుతుంది. బూజు దులుపుతారు. అటకమీది సామాన్లు దించి కడుగుతారు. గచ్చుమీద ఫినాయిల్ నీళ్ళు పోసి తుడుస్తారు. స్నానాల గదిలో యాసిడ్ చల్లి రుద్దుతారు. సాయంత్రానికి ఇల్లు అద్దంలా మెరుస్తుంది. మంచిదే! శుభ్రత ఆరోగ్యానికి పునాది అని మనం చదువుకుంటూనే ఉన్నాం గదా.

అయితే ఆ ఇంట్లో ఒక పంజరం ఉన్నదనుకోండి. అప్పుడు ఇల్లు కడగడం కూడా కొంచెం సైన్సు తెలిసి చెయ్యవలసిన పని అవుతుంది.

మా బడిలో తొమ్మిదో తరగతి చదివే అబ్బాయి ఒకడు నన్నిలా అడిగాడు: "మాస్టారూ, స్నానాల గది కడిగేటప్పుడు ఘాటు వచ్చింది. ఇంట్లో అందరం ఆ గాలే పీల్చాం. మాకు కాస్త దగ్గు వచ్చి తగ్గిపోయింది. లవ్‌బర్డ్స్ రెండూ మాత్రం సాయంత్రానికి చచ్చిపోయాయి. ఎందుకని?"

చాలా మంచి ప్రశ్న. దీనికి జవాబు చెప్పాలంటే మనం జీవశాస్త్రం, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం మూడింటి తలుపులూ తట్టాలి.

ముందుగా ఒక మాట. అంగళ్ళలో 'లవ్‌బర్డ్స్' అని అమ్మే పక్షుల్లో చాలావరకు బడ్జరిగార్లు. ఇవి ఆస్ట్రేలియా దేశపు పక్షులు. మన రామచిలుకను, గోరింకను, మునియాను పట్టి పంజరంలో పెట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. కాబట్టి ఈ వ్యాసంలో పెంపుడు పక్షులంటే బడ్జరిగార్లు, కాకటీల్‌లు, కానరీలు, పావురాలు, ఇంటి కోళ్ళు అని అనుకోండి.

బొగ్గు గనిలో కానరీ

మనకంటే ముందుగా పక్షికి గాలిలోని విషం తగులుతుందన్న సంగతి గని కార్మికులకు బాగా తెలుసు. బొగ్గు గనుల్లో పేలుడు జరిగినా, మంట పుట్టినా కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు తయారవుతుంది. దీనికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌తో ఇది ప్రాణవాయువుకంటే రెండువందల రెట్లకు మించిన గట్టిదనంతో అతుక్కుంటుంది. ఇక ప్రాణవాయువుకు చోటెక్కడ?

1890 దశకంలో జాన్ స్కాట్ హాల్డేన్ అనే బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు దీనికొక ఉపాయం చెప్పాడు. గనిలోకి దిగేవారు చిన్న ప్రాణులను వెంట తీసుకుపోవాలన్నాడు. అందుకు కానరీ పక్షి బాగా పనికివచ్చింది. గాలి చెడిందంటే మనుషులకు ఏమీ తెలియకముందే కానరీ తూలి కర్రమీదనుంచి పడిపోయేది. వెంటనే కార్మికులు పైకి వచ్చేసేవారు. పడిపోయిన పక్షిని తిరిగి బతికించడానికి చిన్న ప్రాణవాయువు సిలిండరు అమర్చిన పంజరాలు కూడా ఉండేవి. 1986లో బ్రిటన్‌లో ఈ పక్షులను విరమించి, వాటి స్థానంలో ఎలక్ట్రానిక్ పరికరాలు పెట్టాలని నిర్ణయించారు.

ఈ హాల్డేన్ కుమారుడే జె.బి.ఎస్. హాల్డేన్. చిన్నతనంలో తండ్రి వెంట గనుల్లోకి దిగి గాలి పరీక్షల్లో పాల్గొన్నాడు. పెద్ద జీవశాస్త్రజ్ఞుడై 1957లో మన దేశానికి వచ్చి స్థిరపడ్డాడు. 1964లో భువనేశ్వర్‌లో మరణించాడు. తన దేహాన్ని వైద్యవిద్యకు ఉపయోగించమని కోరగా, అది మన కాకినాడలోని రంగరాయ వైద్య కళాశాలకు చేరింది.

మరి కానరీ మనకంటే ముందెందుకు పడిపోతుంది?

పక్షి ఊపిరి తీరే వేరు

మనం ఊపిరి పీల్చినప్పుడు గాలి ఊపిరితిత్తుల్లోని వాయుగోణుల దాకా పోతుంది. వదిలినప్పుడు పోయిన దారినే తిరిగి వస్తుంది. లోపల కొంత పాత గాలి ఎప్పుడూ మిగిలే ఉంటుంది. కొత్త గాలి దానితో కలిసి పలచబడుతుంది. ఒకే తలుపున్న గదిలోకి జనం రావడం, పోవడం వంటిదన్నమాట.

పక్షికి ఈ ఏర్పాటు లేదు. దాని ఊపిరితిత్తులు చిన్నవి, గట్టివి. మన వాటిలా పెద్దగా ఉబ్బవు. వాటికి తోడుగా శరీరంలో సాధారణంగా 9 వాయుకోశాలు ఉంటాయి. ఇవి కొలిమితిత్తుల్లా పనిచేస్తాయి. మొదటిసారి పీల్చిన గాలిలో ఎక్కువ భాగం వెనుక వాయుకోశాల్లోకి పోతుంది. వదిలినప్పుడు అది ఊపిరితిత్తుల్లోని సన్నని గొట్టాలగుండా ప్రవహిస్తుంది. రెండోసారి పీల్చినప్పుడు ముందు వాయుకోశాల్లోకి చేరుతుంది. రెండోసారి వదిలినప్పుడు బయటికి వస్తుంది. అంటే ఒక గుక్కెడు గాలి లోపలికి పోయి బయటపడడానికి రెండు శ్వాసలు కావాలి. ఒక వాకిట్లో వచ్చి మరో వాకిట్లో పోయే వరుస ఇది.

దీనివల్ల లాభం ఏమిటి? పక్షి గాలి పీల్చేటప్పుడూ, వదిలేటప్పుడూ కూడా ఊపిరితిత్తుల్లో తాజా గాలే పారుతుంటుంది. పైగా గాలికీ రక్తానికీ మధ్యనుండే పొర మనకంటే పక్షిలో పలచన. అందుకే ప్రాణవాయువు పలచగా ఉండే హిమాలయాలను కూడా బార్‌హెడెడ్ గూస్ అనే పెద్దబాతు దాటి, చలికాలానికి మన దేశం రాగలుగుతున్నది.

కాని ప్రాణవాయువును అంత బాగా పట్టుకునే ఊపిరితిత్తి, గాలిలో విషముంటే దాన్ని కూడా అంత బాగానూ పట్టుకుంటుంది! ఎగరడానికి వరమైన ఏర్పాటే మూసిన గదిలో శాపమవుతున్నది.

చిన్న శరీరం, పెద్ద ఉపరితలం

రెండో కారణం లెక్కల్లో ఉంది. భుజం 1 సెంటీమీటరు ఉన్న ఘనం తీసుకోండి. దాని ఉపరితలం 6 చదరపు సెం.మీ., ఘనపరిమాణం 1 ఘన సెం.మీ. నిష్పత్తి 6. ఇప్పుడు భుజం 10 సెంటీమీటర్ల ఘనం తీసుకోండి. ఉపరితలం 600, ఘనపరిమాణం 1000. నిష్పత్తి 0.6 మాత్రమే. అంటే వస్తువు చిన్నదయ్యేకొద్దీ దాని పరిమాణంతో పోలిస్తే ఉపరితలం ఎక్కువన్నమాట.

చిన్న ప్రాణి ఒంట్లోని వేడి ఈ ఉపరితలంగుండా త్వరగా పోతుంది. ఆ వేడిని నిలుపుకోవడానికి అది ఎక్కువ ఆహారాన్ని, ఎక్కువ ప్రాణవాయువును ఖర్చు చెయ్యాలి. కనుక వేగంగా శ్వాసించాలి. విశ్రాంతిగా కూర్చున్న మనిషి నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీస్తే, బడ్జరిగార్ 60కి పైగా తీస్తుంది. దాని బరువో, సుమారు 35 గ్రాములు! 35 కిలోల విద్యార్థి బరువులో ఇది వెయ్యోవంతు. మనకు కాస్త దగ్గు తెప్పించే మోతాదు దానికి ప్రాణాంతకం కావడంలో ఆశ్చర్యమేముంది?

ఇంకొక సంగతి. పక్షికి విషం గాలి ద్వారానే కాదు, ముక్కు ద్వారా కూడా చేరుతుంది. పంజరం ఊచల్ని కొరుకుతుంది, ఈకల్ని ముక్కుతో దువ్వుకుంటుంది. ఊచలమీద, కర్రమీద, ఈకలమీద మిగిలిపోయిన మందు కడుపులోకి పోతుంది. కనుక ఏ సరుకునైనా రెండు ప్రశ్నలతో పరీక్షించాలి: ఇది గాలిలోకి ఏమి వదులుతుంది? ఆరిన తరువాత ఏమి మిగులుస్తుంది?

ఏ సీసాలో ఏముంది?

బ్లీచింగ్ పౌడర్, యాసిడ్: స్నానాల గదికి వాడే యాసిడ్‌లో హైడ్రోక్లోరికామ్లం ఉంటుంది. దీని పొగే ఊపిరితిత్తులకు హాని. బ్లీచింగ్ పౌడర్‌లో కాల్షియం హైపోక్లోరైట్, బ్లీచి ద్రావణంలో సోడియం హైపోక్లోరైట్ ఉంటాయి. ఈ రెండింటిలో దేన్నైనా ఆమ్లంతో కలిపితే క్లోరిన్ వాయువు పుడుతుంది. 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర వద్ద యుద్ధభూమిలో విషవాయువుగా వదిలింది దీనినే. 'మరింత బాగా శుభ్రపడుతుంది' అనుకుని ఈ రెండూ కలిపేవారు తమ స్నానాల గదిలో చిన్న ఎత్తున అదే తయారుచేస్తున్నారు. ఆ అబ్బాయి ఇంట్లో జరిగింది కూడా ఇదే. ముందురోజు చల్లిన బ్లీచింగ్ పౌడర్ మీద యాసిడ్ పోశారు. క్లోరిన్ గాలికంటే దాదాపు రెండున్నర రెట్లు బరువు. అది నేలను అంటిపెట్టుకుని పాకుతుంది. పంజరం నేలమీద ఉంటే మొదట తగిలేది పక్షికే.

అమ్మోనియా: కొన్ని అద్దాలు తుడిచే ద్రావణాల్లో ఇది ఉంటుంది. దీన్ని బ్లీచితో కలిపితే క్లోరమీన్ అనే మరో ఘాటైన విషం వస్తుంది.

ఫినాయిల్: నల్ల ఫినాయిల్ తారునుంచి తీసిన ఫినాల్ జాతి పదార్థాలతో చేస్తారు. తెల్ల ఫినాయిల్‌లో సాధారణంగా పైన్ నూనె ఉంటుంది. నీళ్ళలో పోయగానే పాలలా తెల్లబడడం మీరు చూసే ఉంటారు. నూనె బొట్లు నీటిలో చెదిరి ఎమల్షన్ ఏర్పడుతుందన్నమాట. ఫినాల్‌ను క్రిమిసంహారిణిగా 1865లో జోసెఫ్ లిస్టర్ శస్త్రచికిత్సలో ప్రవేశపెట్టి ఎందరో ప్రాణాలు కాపాడాడు. తరువాత దాన్ని గదిలో తుంపరగా కూడా చల్లించాడు. కాని గాలిలో తుంపర వల్ల మేలుకంటే ఇబ్బందే ఎక్కువని తెలిసి ఆ పద్ధతి మానుకున్నాడు. క్రిమిని చంపే గుణం ఒకటి, గాలిలో పీల్చదగిన గుణం మరొకటి. ఈ రెండూ ఒకే వస్తువులో ఉండాలని లేదు.

కలరా ఉండలు, తుంపర సీసాలు: కలరా ఉండలు ఘనస్థితినుంచి నేరుగా ఆవిరవుతాయి. దీనినే ఉత్పతనం అంటారు. ఉండ కరిగిపోతున్నదంటే అది గదిలోని గాలిలోకి చేరుతున్నదని అర్థం. సువాసన తుంపరలు, దోమల మందులు కూడా గాలిలో కలిసేందుకే తయారైనవి. పంజరం ఉన్న గదిలో ఇవేవీ తగవు.

ఇది శుభ్రం చేసే సరుకు కాకపోయినా చెప్పక తప్పదు: అంటుకోని పూత పూసిన పెనాన్ని ఖాళీగా పొయ్యిమీద మరిచిపోతే, వేడి సుమారు 260 సెంటిగ్రేడ్ డిగ్రీలు దాటాక ఆ పూత చెడి విషపు పొగలు వదులుతుంది. మనకు పెద్దగా తెలియకపోయినా పక్కగదిలోని పక్షి నిమిషాల్లో చనిపోవచ్చు. వంటింట్లో పంజరం పెట్టవద్దని చెప్పేది అందుకే.

'సహజం' అన్నంత మాత్రాన సరిపోదు

యాసిడ్ వద్దన్నారు గదా అని కొందరు నీలగిరి తైలం, కర్పూరం, సాంబ్రాణి పొగ ఆశ్రయిస్తారు. ఇవి చెట్లనుంచి వచ్చేవే. కాని చెట్టునుంచి వచ్చిందా, కర్మాగారంనుంచి వచ్చిందా అని పక్షి ఊపిరితిత్తి అడగదు. నూనె ఆవిరి ఆవిరే, పొగ పొగే. అలాగే మంచి వాసన శుభ్రతకు గుర్తు కాదు. శుభ్రమైన నీటికి వాసన ఉన్నదా?

కడగకపోయినా ప్రమాదమే

'అయితే అసలు కడగకుండా వదిలేస్తే పోలా?' అనకండి సుమా! పక్షి రెట్టలో తెల్లగా కనిపించేది యూరిక్ ఆమ్లం. తడిసిన రెట్టలో సూక్ష్మజీవులు దీన్ని విడగొట్టి అమ్మోనియా పుట్టిస్తాయి. శుభ్రం చెయ్యని కోళ్ళగూటిలోకి తల పెడితే కళ్ళు మండేది దానివల్లనే. మనం సీసాలో కొనకుండానే విషవాయువు గూటిలో తయారవుతున్నదన్నమాట. ఇక ఎండిన రెట్టను పొడిగా గీకితే దుమ్ము లేస్తుంది. జబ్బుపడిన పక్షి రెట్ట అయితే ఆ దుమ్ము ద్వారా సిట్టకోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు మనకు సోకవచ్చు. కాబట్టి ముందు తడపాలి, తరువాతే రుద్దాలి.

మరి దేనితో కడగాలి?

నూటికి తొంభై పాళ్ళు పని వేడినీళ్ళు, సబ్బు, కుంచె, ఎండ చేసిపెడతాయి. యూరిక్ ఆమ్లం చన్నీళ్ళలో దాదాపు కరగదు. వేడినీళ్ళలో కొంత మెరుగు. అందుచేత ఈ వరుస పాటించండి.

1. పక్షిని వేరే పంజరంలోకి మార్చి, గాలి వచ్చే మరో గదిలో ఉంచి తలుపు వెయ్యండి.
2. అడుగు తట్టలోని కాగితం తీసి, మిగిలిన రెట్టమీద వేడినీళ్ళు పోసి పావుగంట నాననివ్వండి.
3. వాసన లేని సబ్బు కలిపిన గోరువెచ్చని నీటితో రుద్దండి.
4. మంచినీటితో మూడుసార్లు కడిగి, ఎండలో పూర్తిగా ఆరబెట్టండి. ఎండలోని అతినీలలోహిత కిరణాలు, ఎండిపోవడం రెండూ సూక్ష్మజీవులకు శత్రువులు.

స్టీలు గిన్నెలయితే నీళ్ళలో వేసి మరిగించవచ్చు. మన ఊళ్ళ ఉప్పునీళ్ళవల్ల గిన్నెలకు తెల్లని పొర కడుతుంది. దానిలో ముఖ్యంగా ఉండేది కాల్షియం కార్బనేట్. వినిగర్‌లోని ఎసిటికామ్లం గాని, నిమ్మరసం గాని దాన్ని కరిగిస్తాయి. అప్పుడు వచ్చే బుడగలు కార్బన్ డయాక్సైడ్. తరువాత గిన్నెను బాగా కడగాలి. అయితే తగరపు రంగులో మెరిసే గాల్వనైజ్డ్ ఊచల పంజరాన్ని మాత్రం ఆమ్లంలో నానబెట్టకూడదు. ఆ పూత జింకు. ఆమ్లంతో జింకు చర్య జరిపి హైడ్రోజన్ వెలువడుతుందని ప్రయోగశాలలో చూశారు గదా! పూత పోతే లోపలి ఇనుము తుప్పుపడుతుంది. కరిగిన జింకు లవణం పక్షికి విషం.

జబ్బుపడిన పక్షి ఉన్న పంజరమైతే క్రిమిసంహారిణి అవసరమే. అప్పుడు పెద్దవాళ్ళు ఆరుబయట, సుమారు 5 శాతం బ్లీచి ద్రావణం ఒక పాలుకు 32 పాళ్ళ నీరు అప్పటికప్పుడు కలిపి వాడవచ్చు. పది నిమిషాలు ఉంచి, బాగా కడిగి, వాసన పూర్తిగా పోయేదాకా ఆరబెట్టాలి. రెట్ట ఉన్నచోట నేరుగా పోయకూడదు. మురికి బ్లీచిని వ్యర్థం చేస్తుంది. రెట్టలోని అమ్మోనియాతో కలిసి క్లోరమీన్ కూడా పుట్టవచ్చు. ముందు కడగడం, తరువాతే క్రిమిసంహారం. ఈ వరుస తప్పకూడదు.

చేసి చూడండి

ప్రయోగం 1: కిటికీలు మూసిన గదిలో ఒక మూల కూర్చుని కమలాపండు తొక్క ఒలవండి. మిత్రులు కళ్ళు మూసుకుని 1, 2, 3, 4 మీటర్ల దూరంలో కూర్చోవాలి. వాసన తగలగానే చెయ్యి ఎత్తాలి. ఎన్ని సెకండ్లు పట్టిందో రాసుకోండి. ఎదురెదురు కిటికీలు తెరిచి మళ్ళీ చెయ్యండి. వాయువుల విసరణను గాలి ప్రవాహం ఎలా మారుస్తుందో తెలుస్తుంది. 'పంజరం అవతల మూలనుంది గదా' అన్న ధీమా ఎంతవరకు నిలుస్తుందో కూడా తెలుస్తుంది.

ప్రయోగం 2: పసుపు నీటిలో కాగితం ముంచి ఆరబెట్టండి. బట్టల సబ్బు నీటి బొట్టు వేస్తే అది ఎర్రబడుతుంది. సబ్బు క్షారం గనుక. ఇప్పుడు సబ్బుతో రుద్దిన గిన్నెను మొదటిసారి, రెండోసారి, మూడోసారి కడిగిన నీళ్ళను వేర్వేరు కాగితాలమీద వేసి చూడండి. ఎన్నిసార్లు కడగాలో కాగితమే చెబుతుంది.

ప్రయోగం 3: గాజు పలకమీద సబ్బునీటి బొట్టొకటి, వినిగర్ బొట్టొకటి వేసి ఆరనివ్వండి. ఏది మరక మిగిల్చింది? తరువాత వినిగర్‌లో వంటసోడా కలపండి. బాగా పొంగుతుంది. పొంగు చూసి శక్తి పెరిగిందనుకోకండి. ఆమ్లం, క్షారం ఒకదాన్నొకటి తటస్థం చేసుకోగా చివరికి మిగిలేది సోడియం ఎసిటేట్ అనే లవణం కరిగిన నీరే.

యాసిడ్, బ్లీచి, అమ్మోనియాలతో మాత్రం ఇంట్లో ఏ ప్రయోగమూ చెయ్యవద్దు.

ఆపద గుర్తులు

పక్షులు జబ్బును చాలాసేపు దాచిపెడతాయి. బలహీనంగా కనిపిస్తే వేటాడే జంతువుకు దొరికిపోతామన్న అడవినాటి అలవాటది. కాబట్టి నోరు తెరిచి ఊపిరి తీయడం, ఊపిరికొకసారి తోక పైకీ కిందికీ ఊగడం, ఈకలు ఉబ్బించుకుని కదలకుండా కూర్చోవడం, కర్రమీద నిలవలేకపోవడం గమనిస్తే ఆలస్యం చెయ్యకూడదు. వెంటనే పంజరాన్ని శుభ్రమైన గాలిలోకి తీసుకుపోండి. పక్షిని వెచ్చగా, అలజడి లేకుండా ఉంచండి. నోట్లో నీళ్ళు పోయకండి. ఊపిరి గొట్టంలోకి పోవచ్చు. పశువుల డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళి, ఇంట్లో ఏ సరుకు వాడారో దాని సీసా కూడా చూపించండి.

ఆలోచించండి

1. పంజరాన్ని నేలమీదకంటే ఎత్తులో వేలాడదీస్తే క్లోరిన్ నుంచి కొంత రక్షణ దొరుకుతుంది. దోమల మందు పొగనుంచి దొరుకుతుందా? ఎందుకు?
2. సీసాను చల్లటి చోట కడిగితే ఘాటు తక్కువగా, వేడినీటితో కడిగితే ఎక్కువగా వస్తుంది. బాష్పీభవనం పాఠం గుర్తుచేసుకుని కారణం చెప్పండి.
3. భుజం 5 సెంటీమీటర్లున్న ఘనానికి ఉపరితలం, ఘనపరిమాణం నిష్పత్తి ఎంత?
4. మీ ఇంట్లో శుభ్రం చెయ్యడానికి వాడే సీసాలన్నింటి పేర్లు రాసి, వాటిమీది చీటీల్లో ఏ రసాయనాలున్నాయో చూసి ఒక పట్టిక తయారుచెయ్యండి. ఏ రెండింటిని దగ్గర దగ్గరగా ఉంచకూడదో గుర్తించి, పట్టికను స్నానాల గది తలుపుమీద అంటించండి.